పాటలో దూరిన రొద

హోసూరు దగ్గర ఒక పల్లెలో పెళ్ళి. సాయంకాలం ఆరు దాటింది. పందిరి పక్కన డి.జె. సామగ్రి దించారు. రెండు వైపులా మనిషెత్తు స్పీకరు పెట్టెలు, మధ్యలో బల్ల, బల్ల మీద లాప్‌టాపు, మిక్సరు, చిక్కుపడిన తీగలు. పాట ఇంకా మొదలు కాలేదు. అయినా పెట్టెలు ఊరుకోలేదు. "గుయ్" మని ఒకటే రొద. బల్ల వెనుక నిలబడిన కుర్రవాడు తీగలు కదిపి చూశాడు. పెట్టెను చేత్తో తట్టి చూశాడు. రొద తగ్గలేదు. పెళ్ళికొడుకు మేనమామ కాబోలు, ఒకాయన దగ్గరికి వచ్చి, "ఏమబ్బా, ఆ ప్లగ్గులో మూడో కడ్డీ ఉంది చూడు, దాన్ని పీకెయ్. రొద నిలిచిపోతుంది. మా ఊళ్ళో అందరూ అట్లే చేస్తారు" అన్నాడు. కుర్రవాడు కటింగు ప్లేయరు చేతిలోకి తీసుకున్నాడు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆ కడ్డీ తీస్తే ఇలాంటి రొద చాలాసార్లు నిజంగానే పోతుంది. కాని ఆ పని చేయకూడదు. పనిచేసే ఉపాయాన్ని ఎందుకు వద్దంటున్నాను? అది తెలియాలంటే ఆ రొద ఎక్కడ పుట్టిందో, ఏ దారిన పాటలోకి దూరిందో తెలుసుకోవాలి.

కడుపులో నొప్పి అని వెళ్ళినవారికి వైద్యుడు వెంటనే మందు ఇచ్చి పంపడు. ఎక్కడ నొప్పి? పోటుగా ఉందా, మంటగా ఉందా? తిన్న తరువాత వస్తుందా, తినకముందా? అని అడుగుతాడు. సౌండు సెట్టుకు వచ్చిన జబ్బు కూడా ఇలాగే కనిపెట్టాలి. దాని చప్పుడు ఎలాంటిదో ముందు చెవితో పోల్చుకోవాలి. ఈ విషయంలో మన భాష మనకు బాగా సాయపడుతుంది. తేనెటీగల తుట్టె గుయ్‌మంటుంది. పాము బుస్సుమంటుంది. పచ్చి కట్టె పొయ్యిలో చిటపటలాడుతుంది. తుమ్మెద జుమ్మంటుంది. ఇలా ధ్వనిని అనుకరించి పుట్టిన మాటలను ధ్వన్యనుకరణ పదాలు అంటారు. సౌండు సెట్టులో వినిపించే అక్కరలేని చప్పుళ్ళకు కూడా ఈ మాటలే చక్కగా సరిపోతాయి. ఒక్కొక్క చప్పుడు వెనుక ఒక్కొక్క కారణం ఉంటుంది. "ఏదో రొద వస్తోంది" అన్నవాడికంటే "గుయ్‌మంటోంది, మధ్య మధ్య చిటపటమంటోంది" అన్నవాడు కారణానికి సగం దూరం చేరినట్లే.

ఇప్పుడు పాట నడిచే దారిని చూద్దాం. మైకు ముందు మాట్లాడితే ధ్వని తరంగాలు మైకులోని పలుచని పొరను కదిలిస్తాయి. ఆ కదలిక విద్యుత్ సంకేతంగా మారుతుంది. ఆ సంకేతం చాలా చిన్నది. వోల్టులో వెయ్యో వంతును మిల్లీవోల్టు అంటారు. మైకు నుంచి సాధారణంగా వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. లాప్‌టాపు నుంచి వచ్చే పాట ఇంచుమించు ఒక వోల్టు దాకా ఉంటుంది. మిక్సరు వీటన్నిటినీ కలిపి, హెచ్చుతగ్గులు సరిచేసి యాంప్లిఫైయరుకు అందిస్తుంది. యాంప్లిఫైయరు దాన్ని పదుల వోల్టులకు పెంచి స్పీకరుకు పంపుతుంది. స్పీకరులోని అట్ట ముందుకూ వెనుకకూ ఊగి గాలిని కదిలిస్తుంది. అదే మనకు వినిపించే పాట.

ఏటికి ఎగువన ఒక చిన్న మురికి కాలువ కలిస్తే దిగువన ఉన్న ఊళ్ళన్నీ ఆ నీళ్ళే తాగవలసి వస్తుంది. పాట దారి కూడా అంతే. మైకు దగ్గర ఒక మిల్లీవోల్టు రొద చేరితే అది మైకు సంకేతంతో పాటే పెరుగుతుంది. ఎంత పెంచాలో యంత్రానికి తెలుసు గాని, ఏది పాటో ఏది రొదో దానికి తెలియదు. కనుక రొద ఏ మజిలీలో చేరిందో పట్టుకోవడమే అసలు పని.

దానికి ఒక సులువైన పద్ధతి ఉంది. మిక్సరు మీద మొత్తం ధ్వనిని పెంచి తగ్గించే మీట ఉంటుంది. దాన్ని పూర్తిగా కిందికి దించాలి. రొద ఇంకా వినిపిస్తోందా? అయితే అది మిక్సరు దాటిన తరువాత చేరుతోంది. నిలిచిపోయిందా? అయితే మిక్సరుకు ముందే చేరింది. ఒక్క మీటతో సగం సామగ్రి మీద అనుమానం తీరిపోయింది. ముందే చేరిందని తేలితే లాప్‌టాపు మీటను, మైకు మీటను ఒక్కొక్కటిగా ఎత్తి చూడాలి. దేన్ని ఎత్తినప్పుడు రొద వస్తుందో దొంగ అక్కడ ఉన్నాడు. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. తొందరలో నాలుగు తీగలు మార్చి, ఒక పెట్టెను జరిపి, రొద పోగానే సంతోషించేవారున్నారు. వాటిలో ఏ మార్పు వల్ల పోయిందో వారికి తెలియదు. మరుసటి పెళ్ళిలో అదే రొద మళ్ళీ వస్తుంది.

ఇంకొక మాట. యాంప్లిఫైయరు పనిచేస్తుండగా తీగలు పీకకూడదు. "ఢాం" మని ఒక దెబ్బ వినిపిస్తుంది. ఆ దెబ్బకు స్పీకరు అట్ట పాడు కావచ్చు. అందుకే మొదలుపెట్టేటప్పుడు మిక్సరు ముందు, యాంప్లిఫైయరు చివర. ఆపేటప్పుడు యాంప్లిఫైయరు ముందు, మిక్సరు చివర.

మిక్సరుకు తగిలించుకునే చెవి గొట్టాలు కూడా రోగం పట్టడానికి మంచి సాధనం. దీని వెనుక ఒక ముచ్చట ఉంది. 1970ల నాటి న్యూయార్కు నగరంలో, బ్రాంక్స్ అనే పేట కుర్రవాళ్ళు రికార్డు ప్లేయర్లు తెచ్చి వీధుల్లో, పార్కుల్లో పాటలు వేసేవారు. వారిలో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అనే పేరుతో ప్రసిద్ధుడైన జోసెఫ్ శాడ్లర్ వృత్తి పాఠశాలలో ఎలక్ట్రానిక్సు చదువుకున్నవాడు. తరువాత వేయబోయే రికార్డును జనానికి వినిపించకుండా తాను మాత్రం ముందుగా వినడానికి ఒక స్విచ్చును సొంతంగా అమర్చుకున్నాడు. నేటి మిక్సర్లలో "క్యూ" అని రాసి ఉండే మీట చేసేది ఆ పనే. దాన్ని నొక్కి ఒక్కొక్క దారినీ విడివిడిగా చెవి గొట్టాల్లో వినవచ్చు. పందిట్లో జనానికి తెలియకుండానే దొంగను పట్టవచ్చు.

ఇక గుయ్‌మనే రొద సంగతికి వద్దాం. పందిళ్ళలో ఎక్కువగా బాధ పెట్టేది ఇదే. ప్రాణాంతకమైన చిట్కాలు పుట్టించింది కూడా ఇదే.

మన ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులు. అది ఒకే దిక్కుగా పారదు. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగిసలాడుతుంది. ఆ ఊగిసలాటలో కొంచెం పాట తీగలోకి చేరినా సెకనుకు 50 కంపనాలు, లేదా దాని రెట్టింపు 100 కంపనాలు గల ధ్వని స్పీకరులో వినిపిస్తుంది. అదే ఆ "గుయ్". అమెరికాలో కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది. కనుక అక్కడి రొద ఇక్కడి దానికంటే కొంచెం హెచ్చు శ్రుతిలో ఉంటుంది. 50కి 60 అంటే 5కు 6. సంగీతం నేర్చుకునేవారికి ఇది తెలిసిన లెక్కే. మన రొదను షడ్జమం అనుకుంటే అమెరికా రొద దానికి సాధారణ గాంధారం.

మరి ఇంటి కరెంటు పాట తీగలోకి ఎలా చేరింది? ఆ పెళ్ళిలో మిక్సరును వసారాలోని సాకెట్టుకు తగిలించారు. యాంప్లిఫైయర్లను పందిరికి అవతల వేసిన తాత్కాలిక లైనుకు తగిలించారు. రెండూ ఇనప పెట్టెలే. రెండింటికీ మూడు కడ్డీల ప్లగ్గులే. అంటే రెండు పెట్టెలూ ఎర్తుకు కలిసి ఉన్నాయి. కాని ఒకే చోట కాదు. ఒకటి ఇంటి ఎర్తుకు, మరొకటి లైను ఎర్తుకు. భూమి ఒక్కటే కదా, తేడా ఏమిటి అని మీకు అనిపించవచ్చు. వేరు వేరు చోట్ల, వేరు వేరు పొడవు తీగలతో భూమికి చేరినప్పుడు వాటి మధ్య కొద్దిపాటి వోల్టేజి తేడా ఉంటుంది.

రెండు చెరువులు ఉన్నాయనుకోండి. ఒకదాని మట్టం రెండోదానికంటే జానెడు ఎత్తు. వాటి మధ్య ఏ దారీ లేనంతకాలం ఎవరి నీరు వారిది. ఒక తూము పెట్టారంటే నీరు పారడం మొదలవుతుంది. ఇక్కడ రెండు చెరువులు ఆ రెండు ఎర్తులు. మిక్సరు నుంచి యాంప్లిఫైయరుకు వేసిన పాట తీగే తూము. ఆ తీగలో పాటను మోసే సన్నని తీగ చుట్టూ రాగి పోగులతో అల్లిన కవచం ఉంటుంది. ఆ కవచం రెండు పెట్టెలనూ కలుపుతుంది. తేడా ఉన్న రెండు ఎర్తుల మధ్య దారి దొరికింది కనుక కరెంటు ఆ కవచంలో పారుతుంది. సెకనుకు 50 సార్లు ఊగుతూనే పారుతుంది. సాదా తీగల్లో కవచమే పాట తిరిగివచ్చే దారి కూడా. కాబట్టి అందులో పారేదంతా పాటలో కలిసిపోతుంది. మిక్సరు, పాట తీగ, యాంప్లిఫైయరు, ఎర్తు తీగలు అన్నీ కలిసి ఒక వలయం అయ్యాయి చూడండి. దీన్నే ఎర్తు వలయం అనవచ్చు. సౌండు పనివారు "గ్రౌండు లూపు" అంటారు.

కుర్రవాడు కటింగు ప్లేయరు తీసిన సమయానికి సౌండు సెట్టు యజమాని వచ్చాడు. హరికథలకు, వీధి నాటకాలకు బాకా లౌడ్‌స్పీకర్లు కట్టిన కాలం నుంచి ఆ పనిలో ఉన్న పెద్దమనిషి. "ఆగు నాయనా" అని ప్లేయరు తీసుకుని జేబులో వేసుకున్నాడు. మిక్సరు మీద మొత్తం మీటను దించాడు. గుయ్‌మనే రొద అలాగే ఉంది. అంటే మిక్సరు దాటిన తరువాత చేరుతున్నదన్నమాట. యాంప్లిఫైయర్లను ఆపించి, వసారా సాకెట్టులోని మిక్సరు ప్లగ్గును తీయించాడు. యాంప్లిఫైయర్లకు కరెంటు వచ్చే బోర్డు నుంచే ఒక ఎక్స్‌టెన్షను తీగ బల్ల దాకా లాగించాడు. ఇప్పుడు మిక్సరుకూ యాంప్లిఫైయర్లకూ ఎర్తు ఒక్కటే. రెండు చెరువుల మట్టం సమానమైంది. మళ్ళీ మొదలుపెట్టగానే గుయ్‌మనే రొద అణగిపోయింది. ఖర్చు ఏమీ లేదు. అయితే ఆ బోర్డు, ఆ తీగ మొత్తం భారాన్ని మోయగలవో లేదో చూసుకోవాలి. సన్నని తీగ మీద అన్నిటినీ వేలాడదీస్తే రొద బదులు పొగ వస్తుంది.

పందిరి పెద్దదై, అన్నిటినీ ఒకే బోర్డు నుంచి తీసుకోవడం కుదరకపోతే వేరే ఉపాయం ఉంది. మైకు తీగ చివర మూడు సూదుల గుండ్రని బిరడా ఎప్పుడైనా చూశారా? అందులో పాటను మోసే తీగలు రెండుంటాయి. వాటి చుట్టూ కవచం ఉంటుంది. ఒక తీగలో పాట సూటిగా, రెండో తీగలో తలకిందులుగా వెళుతుంది. ఒక క్షణంలో మొదటి తీగలో 5 ఉంటే రెండో తీగలో −5 ఉంటుంది. దారిలో రొద చేరింది, 2 అనుకుందాం. రెండు తీగలూ పక్కపక్కనే పెనవేసుకుని ఉన్నాయి కనుక రెండింటిలోనూ సమానంగా చేరుతుంది. ఇప్పుడు మొదటి దానిలో 7, రెండో దానిలో −3. అవతలి యంత్రం మొదటి దాని నుంచి రెండో దాన్ని తీసివేస్తుంది. 7 నుంచి −3 తీసివేస్తే 10. పాట రెట్టింపు అయింది. రొద మాయమైంది! మీ నోటు పుస్తకంలో రొదను 2 బదులు 4 గాని 9 గాని వేసి చూడండి. జవాబు మారదు. తీగలను జంటగా పెనవేయడం కొత్త సంగతి కాదు. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1881లోనే దీనికి పేటెంటు పొందాడు. టెలిఫోను తీగల్లో పక్క లైన్ల రొద దూరకుండా ఉండడానికి అప్పుడు వాడిన ఉపాయమే నేటి డి.జె. పెట్టెల్లోనూ పనిచేస్తోంది.

మూడో ఉపాయం చిన్న ట్రాన్స్‌ఫార్మరు. దానిలో రెండు తీగ చుట్టలు ఉంటాయి. ఒకదానితో ఒకటి తాకవు. మొదటి చుట్టలో పాట సంకేతం పారితే పుట్టిన అయస్కాంత శక్తి రెండో చుట్టలో అదే సంకేతాన్ని పుట్టిస్తుంది. పాట దాటుతుంది, ఎర్తు వలయం తెగిపోతుంది. అరచేతిలో పట్టే పెట్టెల్లో ఇవి దొరుకుతాయి.

ఇన్ని దారులు ఉండగా మేనమామగారి దారి ఎందుకు వద్దు? మూడో కడ్డీ తీసేస్తే వలయం తెగుతుంది, రొద పోతుంది. నిజమే. కాని ఆ కడ్డీని పెట్టింది పాట కోసం కాదు. యాంప్లిఫైయరు లోపల 230 వోల్టుల తీగ ఎప్పుడైనా ఊడి ఇనప పెట్టెకు తగిలిందనుకోండి. ఎర్తు ఉంటే కరెంటు ఆ దారిన ఒక్కసారిగా పారి ఫ్యూజు పోతుంది, లేదా దాని బదులు పెట్టిన స్విచ్చు తనంతట తాను పడిపోతుంది. పెట్టెలో కరెంటు ఉండదు. ఎర్తు లేకపోతే ఫ్యూజు పోదు. పెట్టె మొత్తానికి 230 వోల్టులు ఎక్కి కూర్చుంటాయి. పైకి ఏమీ కనిపించదు. పాట హాయిగా వినిపిస్తూనే ఉంటుంది. ఆ పెట్టె నుంచి తీగల కవచం మిక్సరుకు, మిక్సరు నుంచి మైకు తీగ కవచం మైకు ఇనప ఒంటికి కలిసి ఉంటాయి. మిక్సరు దగ్గరా గట్టి ఎర్తు లేకపోతే కరెంటు ఆ దారిన మైకు దాకా వస్తుంది. నీళ్ళు చల్లిన పందిట్లో, వట్టి కాళ్ళతో, మైకును పెదవులకు ఆనించి పాడే పిల్లను ఊహించుకోండి. ఎర్తుకు ఆ పిల్లే దారి అవుతుంది.

నేను చిన్నప్పుడు ఒక నాటకంలో హార్మోనిస్టు మైకు స్టాండును జరపబోయి చేయి విదిలించుకుని వెనక్కి పడిపోవడం చూశాను. అదృష్టవశాత్తు చేయి ఊడివచ్చింది. ఆ రాత్రి కూడా ఎవరో "రొద పోవాలని" తీగ తీసేశారట. నాటకం మళ్ళీ మొదలైంది గాని ఆయన మాత్రం మైకుకు బారెడు దూరంలోనే కూర్చున్నాడు.

మన మూడు కడ్డీల ప్లగ్గును ఒకసారి జాగ్రత్తగా చూడండి. పైన ఉన్న కడ్డీ మిగతా రెంటికంటే లావుగా, పొడుగ్గా ఉంటుంది. ప్లగ్గు పెట్టేటప్పుడు ముందుగా ఎర్తు కలవాలి, తీసేటప్పుడు చివరగా ఎర్తు విడిపోవాలి. అందుకే ఆ పొడుగు. మరి ఫోను చార్జరుకు రెండు కడ్డీలే ఉంటాయే అని అడుగుతారేమో. దాని మీద ఒక చతురస్రంలో మరొక చతురస్రం గుర్తు వెతకండి. లోపలి కరెంటు పైకి రాకుండా రెండు పొరల రక్షణతో తయారైందని దాని అర్థం. అలాంటి వస్తువును ఎర్తు అక్కరలేకుండానే చేశారు. ఎర్తుతో చేసిన వస్తువుకు ఎర్తు తీసేయడం వేరు. తాత్కాలిక పందిళ్ళలో ఇంకొక కాపలా కూడా పెట్టించుకోవాలి. వెళ్ళిన కరెంటుకూ తిరిగివచ్చిన కరెంటుకూ 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే చాలు, వెంటనే లైను తెంపేసే స్విచ్చులున్నాయి. వాటిని ఆర్.సి.సి.బి. అంటారు.

గుయ్‌మనే రొద పోయింది గదా అని కుర్రవాడు లాప్‌టాపు మీట ఎత్తాడు. ఇప్పుడు వేరే చప్పుడు. సన్నగా, ఈలలాగా "కీ" మంటోంది. మౌసును కదిపినప్పుడల్లా గిరగిరమని మారుతోంది. పెద్దమనిషి ఏమీ మాట్లాడకుండా లాప్‌టాపు చార్జరు తీగ ఊడదీశాడు. చప్పుడు ఆగిపోయింది. లాప్‌టాపు చార్జరు కరెంటును సెకనుకు వేల సార్లు తెంపి కలుపుతూ పనిచేస్తుంది. ఆ కలతలో కొంత లాప్‌టాపు ద్వారా పాట తీగలోకి జారుతుంది. బ్యాటరీ మీద నడిపి చూడడమే దీనికి పరీక్ష. చాలాసేపు పాడించాలంటే బ్యాటరీ చాలదు కనుక ఆయన సంచిలోంచి ఇందాక చెప్పుకున్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టె తీసి లాప్‌టాపుకూ మిక్సరుకూ మధ్య పెట్టాడు. చార్జరు మళ్ళీ తగిలించినా "కీ" రాలేదు.

మన పందిళ్ళలో ఇప్పుడు రికార్డులు కనిపించవు. డి.జె. కళ మాత్రం రికార్డుల మీదే పుట్టింది. 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో తన చెల్లెలు ఏర్పాటు చేసిన విందులో కూల్ హెర్క్ అనే యువకుడు రికార్డులు వేశాడు. పాటలో వాద్యాలు మాత్రమే మోగే ముక్కను పొడిగించి జనాన్ని ఆడించే పద్ధతి అతనితో ప్రసిద్ధికెక్కింది. హిప్‌హాప్ సంగీతానికి ఆ సాయంకాలాన్నే పుట్టినరోజుగా చెప్పుకుంటారు. రికార్డు గాడిలో నడిచే సూది నుంచి వచ్చే సంకేతం సుమారు 5 మిల్లీవోల్టులు. పైగా రికార్డు తయారుచేసేటప్పుడు మంద్ర స్వరాలను తగ్గించి గాడి కోస్తారు, లేకపోతే గాడి మరీ వెడల్పవుతుంది. వినిపించేటప్పుడు వాటిని తిరిగి పెంచుతారు. 50 కంపనాల దగ్గర ఈ పెంపు మధ్యస్థాయి స్వరాలకంటే ఇంచుమించు ఏడు రెట్లు. మన కరెంటు రొద సరిగ్గా అక్కడే ఉంది! అందుకే రికార్డు ప్లేయరుకు రొద అంత తొందరగా పడుతుంది. 1972లో జపానులో వచ్చిన టెక్నిక్సు ఎస్.ఎల్.1200 డి.జె.ల ముద్దుబిడ్డ. అలాంటి ప్లేయర్ల వెనుక పాట తీగలతో పాటు ఒక సన్నని ఎర్తు తీగ వేలాడుతూ ఉంటుంది. దాన్ని మిక్సరు వెనుక మరకు బిగించాలి. చాలామంది మరచిపోయేది అదే.

ఇక "కుయ్" మని చెవులు చిల్లులు పడే కేక. ఇది మీరు బడి వార్షికోత్సవంలో తప్పకుండా విని ఉంటారు. దీనికి తీగలతో పని లేదు. మైకు విన్నది స్పీకరు పలుకుతుంది. స్పీకరు పలికింది మైకు మళ్ళీ వింటుంది. ఆ విన్నదాన్ని స్పీకరు ఇంకా పెద్దగా పలుకుతుంది. ఇలా క్షణంలో పెరిగి కేకగా మారుతుంది. దీన్ని పరిశోధించిన డెన్మార్కు శాస్త్రవేత్త సోరెన్ లార్సెన్ పేరు మీద లార్సెన్ ప్రభావం అంటారు. స్పీకరు పెట్టెలు ముందు, మైకు వాటి వెనుక ఉండాలి. మైకును నోటికి దగ్గరగా పట్టుకోవాలి. కేక వినిపించగానే కొందరు మైకు తలను చేత్తో మూస్తారు. అది పొరపాటు. వేదిక మైకులు ఎక్కువగా ముందు నుంచి వచ్చే ధ్వనినే వినేలా తయారవుతాయి. తలను మూస్తే ఆ గుణం పోయి అన్ని వైపుల నుంచీ వింటాయి, కేక పెరుగుతుంది. రికార్డు ప్లేయరులో ఇదే జబ్బు "బూం" మనే రూపంలో వస్తుంది. డప్పుల మోతకు బల్ల అదిరి, బల్లతో సూది అదిరి, ఆ అదురు మళ్ళీ మోతగా వస్తుంది. అందుకే ప్లేయరును బరువైన రాతి పలక మీద పెట్టి పలక కింద స్పాంజి వేస్తారు.

పెళ్ళిళ్ళలో "జర్ర్" మనే చప్పుడు వినిపిస్తే రంగు దీపాల వైపు చూడండి. వెలుతురును తగ్గించే కొన్ని పరికరాలు కరెంటు తరంగాన్ని సెకనుకు 100 సార్లు కత్తిరిస్తాయి. ఆ కోతలే జర్రుమంటాయి. దీపాలను తగ్గించి పెంచితే చప్పుడు మారుతుందా అని చూడడమే పరీక్ష. దీపాలకు ఒక లైను, పాటకు ఒక లైను ఉంటే మంచిది. కరెంటు తీగనూ పాట తీగనూ ఒకే కట్టగా కట్టకూడదు. దాటక తప్పనప్పుడు కూడలి రోడ్లలాగా అడ్డంగా దాటించాలి. మైకు పక్కన పెట్టిన ఫోను కూడా ఒక్కొక్కసారి టకటకమనిపిస్తుంది. 2జి పద్ధతిలో ఫోను సెకనుకు సుమారు 217 సార్లు ముక్కలు ముక్కలుగా సంకేతం పంపుతుంది. ఫోనును జేబులోకి మారిస్తే చాలు.

చిటపట అంటే ఎక్కడో అతుకు వదులైందని అర్థం. తీగ మెడ దగ్గర, బిరడాలోకి వెళ్ళే చోట, మెల్లగా వంచి చూస్తే దొరికిపోతుంది. మీట కదిపినప్పుడు మాత్రమే గరగరమంటే దానిలో దుమ్ము చేరింది.

బుస్సుమనే చప్పుడు మాత్రం పూర్తిగా పోదు. తీగలో, ప్రతి పరికరంలో ఉండే ఎలక్ట్రాన్లు వేడి వల్ల ఎప్పుడూ చిందరవందరగా కదులుతుంటాయి. ఆ కదలికే ఈ బుస. దీన్ని కొలిచిన జాన్సన్, కారణం వివరించిన నైక్విస్టు ఇద్దరూ అమెరికాలోని బెల్ పరిశోధనశాలవారు. వారి పత్రాలు 1928లో వెలువడ్డాయి. పోగొట్టలేకపోయినా పాట కింద దాచవచ్చు. లాప్‌టాపులో పాటను సన్నగా పెట్టి యాంప్లిఫైయరును చివరిదాకా తిప్పితే పాటతో పాటు బుస కూడా పెద్దదవుతుంది. మొదట్లో నిండుగా, చివర్లో తగ్గించి ఉంచాలి. మరీ నిండినా కష్టమే. యాంప్లిఫైయరు ఇవ్వగలిగినదానికంటే ఎక్కువ అడిగితే తరంగాల తలలు తెగిపోతాయి, పాట బరబరమంటుంది. మిక్సరు మీద ఎర్ర దీపం వెలిగేది అందుకే. ఆ రొద ఎక్కడి నుంచో వచ్చింది కాదు, డి.జె. చేతిలో పుట్టిందే.

ఆ రాత్రి పెళ్ళిలో ఎర్ర దీపం రెండుసార్లు వెలిగింది. రెండుసార్లూ పెద్దమనిషి కుర్రవాడి భుజం తట్టాడు. పాటలు బాగానే సాగాయి. మేనమామగారు కూడా చిందులు వేశారు. పక్క వీధిలో పరీక్షలకు చదువుకునే పిల్లలుంటే వారికి రొద లేని ఆ పాటే పెద్ద రొద. దానికి ట్రాన్స్‌ఫార్మరు పెట్టె పనిచేయదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం, ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతించిన కొద్ది రోజులు తప్ప, రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు బహిరంగ స్థలాల్లో లౌడ్‌స్పీకర్లు వాడకూడదు.

పదికి అయిదు నిమిషాలుండగా పెద్దమనిషి గడియారం చూపించాడు. కుర్రవాడు ఉన్న పాట పూర్తికానిచ్చి మొత్తం మీటను కిందికి దించాడు. ముందు యాంప్లిఫైయర్లు ఆపాడు, తరువాత మిక్సరు. తీగలు చుడుతూ, "పెద్దయ్యా, నా ప్లేయరు" అని చేయి చాపాడు.